సగం నిండిన ట్యాంకు

గోదావరిఖని పక్కనున్న ఆ పాత కాలనీలో, గని మూతపడ్డాక క్వార్టర్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. నీళ్లు శుద్ధి చేసే ల్యాబులో సుమైరా ఒక్కతే మిగిలింది. తల్లి ఇమాంబీ పోయిన ఏడు కన్నుమూశాక ఇంట్లోనూ అంతే. ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండా పొద్దుగూకిన రోజులు ఆమెకు కొత్త కాదు.

పొద్దున్నే బ్లీచింగ్ పౌడరుతో ఒక శాతం క్లోరిన్ ద్రావణం తయారుచేస్తుంది. లక్ష లీటర్ల ట్యాంకులో అది పది లీటర్లు పోస్తే లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము క్లోరిన్ పడుతుంది. ఏళ్లుగా అదే లెక్క.

ఒకరోజు కాలనీలో ఉండే మమత అనే ఆవిడ సీసాలో నీళ్లు పట్టుకొచ్చింది.

"అక్కా, ఏందివి? మందు వాసన గుప్పున కొడుతున్నయి. పిల్లలు నోట్లె పెడుతలేరు."

క్లోరిన్ ఎంతుందో తేల్చే చుక్కలు వేసి చూస్తే, లేత పసుపు రావాల్సిన నీళ్లు చిక్కటి పసుపుకు తిరిగాయి. సుమైరా వెంటనే పంపు నడిపే సదయ్యకు ఫోను చేసింది.

"కాకా, ట్యాంకు నిండ నింపినవా?"

"తాగేటోళ్లు ఏరి బిడ్డా? సగమే నింపిన. నీకు చెప్పుడు మరిశిన."

సగం నీళ్లలో పూర్తి మందు. పోసేముందు తొంగిచూడాల్సింది తనే.

"జల్ది నిండ నింపు కాకా. నీళ్లు రెట్టింపైతే ఘాటు సగమైతది."

అప్పటిదాకా తాగొద్దని చెప్పడానికి మమతను తీసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎటు చూసినా తాళాలే. తన నీళ్లు తాగేవాళ్ల ముఖాలు ఆమె చూడటం అదే మొదటిసారి. చివరి వరసలో ఆగయ్య అనే రిటైరైన కార్మికుడు తలుపు తీసి, చెప్పింది విని, కుర్చీ లాగాడు.

"నా తలుపు ఎవలన్న కొట్టి మస్తు రోజులాయె. కూసో బిడ్డా."

"ఇంక ఇండ్లున్నయి కాకా," అంటూ వచ్చేసింది.

సాయంత్రానికి నీళ్లు లేత పసుపుకు వచ్చాయి. ఆ మాట చెప్పడానికి ఇంటికి వెళ్తే మమత గ్లాసుడు తాగి, "ఇప్పుడు మంచిగున్నయి," అంది. చాయ్ ఇస్తూ మెల్లగా చెప్పింది: "వచ్చే నెల మేం గూడ పెద్దపల్లికి పోతున్నం అక్కా."

"మంచిదే," అంది సుమైరా. చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

మర్నాడు నిచ్చెనెక్కి, ట్యాంకులో నీళ్లు చూసుకున్నాకే మందు కొలిచింది. డ్యూటీ దిగి ఇంటివైపు నడుస్తూ చౌరస్తాలో ఆగింది. వెనక్కి తిరిగి ఆగయ్య తలుపు కొట్టింది. ఆయన మళ్లీ కుర్చీ లాగాడు. కూర్చుంది.