ఎండిన బోరులో పోసిన రంగు

ధర్మవరంలో మా పక్కింటి నల్లప్ప చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. పెళ్ళిళ్ళ కాలంలో కుంకుమ ఎరుపు, శ్రావణానికి ముందు చిలకపచ్చ. పట్టునూలుకు రంగులద్దడం ఆయన పని. మగ్గాలవాళ్ళు తెచ్చిచ్చే చిలపలను, అంటే నూలు కట్టలను, సోడా, సబ్బు వేసి ఉడికించి జిగురు తీస్తాడు. తర్వాత కాగే బానలో ముంచి, కర్రకు వేసి తిప్పుతూ రంగెక్కిస్తాడు. వాళ్ళ నాయన పక్కన నిలబడి నేర్చుకున్న పని అది. ఆ ఆవిరికి కళ్ళు ఎర్రబారి, వయసు కంటే ముందే ముసలివాడైనట్టు కనిపిస్తాడు.

మా పాపకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. గోడ మీదుగా ఆయన చేతులు కనబడితే చాలు, "అంగు, అంగు" అని గంతులేసేది. ఆయన చేతులు రెండూ తిప్పి చూపించి, "ఈ పొద్దు నీలం తల్లీ" అని చెప్పి మరీ లోపలికి పోయేవాడు.

నల్లప్ప మంచి పొరుగువాడు. ఈ కథలో నన్ను బాగా అలసిపోయేలా చేసింది అదే. చెడ్డవాడైతే పోట్లాడి ఊరుకునేవాణ్ణి.

మేము ఈ ఇంటికి రాకముందు ఆయన రంగునీళ్ళు వీధి కాలువలో పారేవట. ఎదురింటి చెన్నమ్మ వాకిలి కడిగి ముగ్గేసేసరికి కాలువలోంచి ఎర్రనీళ్ళు పొంగి ముగ్గంతా పాడుచేసేవి. "ఏమప్పా నల్లప్పా, మా ఇంటి ముందర యాటను కోసినట్టు ఉండాదే!" అని ఆమె వీధంతా వినబడేలా అరిచేది. నల్లప్ప పెరట్లో ఒక పాత బోరు ఉంది. వేసిన కొన్నాళ్ళకే ఎండిపోయింది. ఇలాంటివి మా జిల్లాలో ప్రతి చేనులోనూ, ప్రతి పెరట్లోనూ ఉంటాయి. పైన గుడ్డ కట్టి, రాయి పెట్టి వదిలేస్తారు. నల్లప్ప ఆ రాయి తీసి, బానలో మిగిలిన నీళ్ళు అందులో పోశాడు. ఎంత పోసినా తాగేసింది. ఆనాటి నుంచి వీధిలో చుక్క రంగు లేదు. చెన్నమ్మ కూడా మెచ్చుకుంది. "నీళ్ళియ్యని బోరు దీనికైనా పనికొచ్చింది" అని ఆయన మురిసిపోయాడు.

మా నాలుగిళ్ళకూ ఆసరా వీధి చివరి బోరు. కొళాయి నీళ్ళు వచ్చిన రోజే వచ్చినట్టు. తాగడానికి క్యాన్లు కొనుక్కుంటాం గానీ వంటకూ స్నానానికీ ఆ బోరే దిక్కు.

కరువు సంవత్సరాల్లో ఏమీ తెలియలేదు. తర్వాత ఒక ఏడాది వానలు పడ్డాయి. చెరువుకు నీళ్ళొచ్చాయి, వీధి బోరులో ధార లావైంది. జనం మొక్కులు తీర్చుకున్నారు. ఆ సంతోషం తగ్గకముందే ఒక పొద్దున మా ఆవిడ అరుణజ్యోతి పాప తెల్ల గౌను తెచ్చి నా ముందు పెట్టింది. రాత్రి బకెట్లో నానబెట్టిన గౌను, పలచని గులాబి రంగులోకి తిరిగింది.

"ఎర్రమట్టి సారూ," అన్నాడు నల్లప్ప. "కొత్తనీళ్ళు గదా, అట్లే ఉంటాయి."

నేను నీళ్ళు గాజు సీసాలో పట్టి కిటికీలో పెట్టాను. మట్టి అయితే అడుగుకు దిగాలి. ఎన్నాళ్ళు చూసినా దిగలేదు. అదే వారం పాప వీపు మీద దద్దుర్లు లేచాయి. డాక్టరు చూసి, "నీళ్ళ వల్ల కావచ్చు, కాకపోవచ్చు, కొన్నాళ్ళు మార్చి చూడండి" అన్నాడు. నేను కాలేజీలో ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. ఆ "కావచ్చు"లో ఎన్ని సంగతులున్నాయో తెలియడం వల్ల నాకు నిద్ర లేకపోవడం తప్ప మరేమీ ఒరగలేదు.

నల్లప్పతో చెప్పాను. ఆయన నమ్మలేదు.

"ఆరునూర్ల అడుగుల లోతుకు పోసినా సారూ. ఆడికి పోయినేది మల్లా పైకి యాల వస్తాది?"

వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఆయన భార్య హనుమక్క తలెత్తకుండానే అంది: "ఆడికి పోయిందాన్నే గదా మోటరు పెట్టి లాగతాండేది! మనం తాగే నీళ్ళు ఆకాశం నుంచి వస్తాండాయా?"

"నువ్వు గమ్మునుండు."

"గమ్మునే ఉండా. ఇన్నాళ్ళూ గమ్మునుండేదానికే ఇట్లయింది."

నల్లప్పకు పట్టుదల వచ్చింది. "మట్టి ఐతే ఉతికితే పోతాది. రంగు ఐతే పట్టును వదలదు. అందరి ముందరా తేలుస్తా" అన్నాడు. ఆ సాయంత్రం వీధి బోరు దగ్గరే పొయ్యి పెట్టాడు. చెన్నమ్మా, మేమూ, వీధిలో వాళ్ళూ చుట్టూ నిలబడ్డాం. బోరు నీళ్ళు బాన నిండా పట్టి, రంగు పట్టేందుకు వేసే పుల్లనీళ్ళు కొంచెం కలిపి కాచాడు. జిగురు తీసిన తెల్ల చిలప ఒకటి అందులో ముంచి, తన మామూలు పద్ధతిలోనే కర్రతో తిప్పాడు. తీసి క్యాను నీళ్ళలో ఉతికాడు. సబ్బు పెట్టి మళ్ళీ ఉతికాడు. ఎండకు పట్టుకుని చూశాడు.

చిలప గులాబి రంగులోనే ఉంది.

"నీ రంగేనా నల్లప్పా?" అంది చెన్నమ్మ. ఈసారి అరవలేదు.

"నాదే అక్కా," అన్నాడు. "పోయిన పెళ్ళిళ్ళకు వేసినేది." చిలపను భుజాన వేసుకుని పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగాడు.

అంత లోతు నుంచి రంగు ఎట్లా వచ్చిందని ఆ రోజు ఆయన అడిగినదానికి నాకు తెలిసినంత చెప్పాను. కాలువలో పారినప్పుడు రంగునీళ్ళు మట్టిలో మెల్లగా ఇంకేవి. మట్టి కొంత పట్టుకునేది, ఎండ కొంత విరిచేది, కంటికి కనబడని జీవాలు కొంత తినేవి. అదీ మంచిది కాదు. కానీ బోరు ఆ మట్టినంతా దాటించి, రంగును నేరుగా కిందున్న రాతి పగుళ్ళలో వదిలింది. మన నేలలో నీళ్ళుండేది ఆ పగుళ్ళలోనే. అవి ఎండి ఉన్నన్నాళ్ళూ రంగు అక్కడే కూర్చుంది. వానలకు నీళ్ళు పైకి లేచి దాన్ని కలుపుకున్నాయి. వీధి మోటారు తనవైపు లాక్కుంది.

"అంటే వీధికి మేలు చేస్తాండా అనుకోని..." అన్నాడు.

మరుసటి వారం ఎండిన బోరు గొట్టాన్ని బంకమట్టితో నింపి, పైన సిమెంటు పోయించాడు. బానలు ఊరి బయట కొట్టంలోకి మార్చాడు. అక్కడ అడుగున నాపరాళ్ళు పరిచి, సందులు పూడ్చి, లోతు లేని తొట్టి కట్టాడు. రంగునీళ్ళు అందులోనే ఎండుతాయి. "ఎండకేమి కరువా సారూ మనకు" అని నవ్వాడు. అడుగున మిగిలే గడ్డను ఎక్కడ వేయాలో మాత్రం ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. గోనెసంచుల్లో కట్టి మూల పెడుతున్నాడు.

ఇంకొక పని కూడా మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. ప్రతి పొద్దునా కొట్టానికి పోకముందు, మోపెడ్ మీద మంచినీళ్ళ క్యాను తెచ్చి మా గుమ్మం దగ్గర పెడతాడు. పాప స్నానానికి. నేను వద్దన్నాను. "నీకు కాదులే" అన్నాడు. దద్దుర్లు తగ్గాయి. ఆ నీళ్ళ వల్లే తగ్గాయో, వాటంతటవే తగ్గాయో చెప్పలేను.

అప్పుడప్పుడు వీధి బోరు నీళ్ళు కాచి, తెల్ల చిలప ముంచి చూసేవాడు. గులాబి పలచనైంది. తర్వాత వెలిసిన గంధంలా అయింది. మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చి చిలప నా చేతిలో పెట్టాడు. తెల్లగా ఉంది. ఆయన మొహంలో వెలుగు చూసి చాలా నెలలైంది.

"ఇంక బిడ్డకు ఈ నీళ్ళే పోయచ్చు గదా సారూ?"

ఆ నీళ్ళు నేను కాలేజీలో పరీక్షించి వచ్చి రెండు రోజులే అయింది. రంగు లేదు. ఉప్పు మాత్రం తగ్గలేదు. రంగుతో పాటు బోరులోకి పోయిన లోహాలు చూడడానికి మా కాలేజీలో సాధనాలు లేవు. అవును అంటే ఆయనకు ఆ రాత్రి నిద్ర పడుతుంది. నాకూ పడుతుందేమో.

"ఇంకా వద్దు నల్లప్పన్నా," అన్నాను. "రంగు ఒక్కటే ముందు పోయింది. చిలప పట్టుకోనివి ఇంకా ఉన్నాయి."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు. వానలు బాగా పడితే కొన్నేళ్ళు. పడకపోతే ఇంకా ఎక్కువ."

ఆయన నా చేతిలోని చిలపను తిరిగి తీసుకున్నాడు. లోపలి నుంచి పాప వచ్చి, ఆయన చేతులు పట్టుకుని తిప్పి చూసింది. "పచ్చ తల్లీ," అన్నాడు, అలవాటుగా. చిలప అక్కడే అరుగు మీద వదిలి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున తలుపు తీసేసరికి క్యాను గుమ్మం దగ్గర ఉంది. మోపెడ్ అప్పటికే వీధి మలుపు తిరుగుతోంది.