జీపు టీవీకి వేరే లైసెన్స్

మొన్న ఆదివారం పొద్దున మా మేనమామ కొడుకు కరీంనగర్ నుంచి ఫోన్ చేశాడు. "బావా, బాపు పోయిండు. చాయ తాగి గ్లాసు కింద పెట్టిండు. గంతే" అన్నాడు. ఆ సమయంలో నేను ఎప్పటిలాగే ఎవరినో తిడుతూ ఒక వ్యాసం రాస్తున్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ కాగితాల ముందే కూర్చున్నాను. నా తిట్లన్నీ ఓపికగా విని, చివర ఒకే ఒక్క మాటతో వాటికి అడ్డం పడే మనిషి ఇక లేడు.

ఈ పత్రిక చదివేవారికి నా గొడవలు కొత్త కాదు. మా మామ మాత్రం కొత్త. ఆయన పోస్టాఫీసులో లైసెన్స్ ఇన్‌స్పెక్టర్. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. ఇంట్లో రేడియో పెట్టుకోవాలన్నా, టీవీ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలని, ఏటేటా పోస్టాఫీసులో రుసుము కట్టి ముద్ర వేయించుకోవాలని ఈనాటి పిల్లలకు చెబితే పకపకా నవ్వుతారు. వేయించుకున్నారో లేదో ఇల్లిల్లూ తిరిగి చూసేది మా మామ.

కప్పుల మీద యాంటెనాలు చూసుకుంటూ నడవడం వల్ల ఆయన మెడ ఎప్పుడూ కొంచెం పైకే ఉండేది. ఒకసారి అలాగే నడుస్తూ మోరీలో పడి, మోకాలికి కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాడు. మా అత్త పసుపు తెస్తూ, "ఆకాశం మీద ఉన్నోల్లందరి లైసెన్సులు చూసుడు అయిందా, కింద మోరీకి లైసెన్స్ ఉన్నదా అడిగొచ్చినవా?" అంది. ఆయన కూడా నవ్వాడు. తనిఖీకి వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. ఎండాకాలం అయినా సరే, అంతే. "తాగిన నోటితోని లైసెన్స్ అడుగుడు కష్టమైతది అల్లుడా" అనేవాడు.

నాకు ఆ లైసెన్స్ అంటేనే ఒళ్ళు మండేది. పాట వినడానికి పన్నేమిటి? వార్త తెలుసుకోవడానికి అనుమతేమిటి? పైగా ఆ పన్ను ఎవరి మెడకు చుట్టుకునేది? మాది భూములున్న కుటుంబం. మా బంధువుల్లో పెద్ద పెద్ద మేడలున్నవారికి రుసుము లెక్కలోకే రాదు. కట్టకపోయినా వాళ్ళను అడిగేవాడు లేడు. దుబాయి, మస్కట్ పోయి సిమెంటు గార మోసి, ఇంటికి చిన్న టీవీ తెచ్చుకున్నవాడు మాత్రం గజగజ వణకాలి. ఇదే మాట మామ ముందు అంటే ఆయన, "మీ పెద్దబాపు ఇంటికి కూడ పోయిన. కట్టించిన. అడుగు పోయి" అనేవాడు. నిజమే, కట్టించాడు. మా పెద్దబాపు ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు కూడా.

ఆ గల్ఫ్ టీవీలతోనే మామకు కొత్త చిక్కు వచ్చింది. అవి చేతిలో పట్టుకుపోయే చిన్న సెట్లు. కప్పు మీద యాంటెనా ఉండదు, కరెంటు లేని ఊళ్ళో కూడా నడుస్తాయి. వాటికి రూల్ ఎట్లా వర్తిస్తుందో మామ నాకు విడమరిచి చెప్పాడు. ఇంటి లైసెన్స్ ఉంటే, సెట్టు తన లోపలి సెల్లుల మీద నడిచినంతసేపూ ఇంటి లెక్కే, ఎక్కడికి మోసుకుపోయినా సరే. అదే సెట్టును కారులోనో జీపులోనో పెట్టి, ఆ బండి బ్యాటరీకి వైరు తగిలిస్తే అది బండి టీవీ అయిపోతుంది. బండికి వేరే లైసెన్స్ తీసుకోవాలి.

"ఒక్కటే టీవీ మామా! చూసే మనుషులూ వాళ్ళే. వైరు తగిలించగానే నేరమా?" అని అరిచాను.

"నేను రాసిననా గా రూల్? నామీద ఎందుకు ఒర్రుతున్నవ్?" అన్నాడు.

ఆయన గురించి నేను సభల్లో చెప్పే కథ ఒకటుంది. అంతకు చాలాముందు ఉట్నూరులో పనిచేసేటప్పుడు, అక్కడికి సొంత కారులో వచ్చిన ఒక పెద్ద ఆఫీసరును పదిమంది ముందు ఆపి, కారులోని రేడియోకు లైసెన్స్ చూపించమన్నాడు. ఆఫీసరు గుడ్లురిమి చూశాడు. మామ చేయి చాపి అలాగే నిలబడ్డాడు. తర్వాత మామకు బదిలీ అయింది. ఈ కథ చెప్పినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టేవారు. ఒకసారి మామ కూడా ఆ సభలో వెనక కూర్చున్నాడు. బయటికొచ్చాక, "నువ్వెప్పుడు గదొక్కటే చెప్తవేందిరా" అన్నాడు. మొహమాటం అనుకున్నాను.

సర్కారు లైసెన్సులు ఎత్తివేసిన కొన్నేళ్ళకు, ఆయన రిటైరయ్యాక, రెండో కథ చెప్పాడు.

లైసెన్సుల చివరి రోజులవి. ధర్మపురి వైపు ఊళ్ళలో ఒక జీపు తిరుగుతోందని మామకు తెలిసింది. జీపాయన గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాడు. వెంట ఒక చిన్న టీవీ, క్యాసెట్లు వేసే వీసీఆర్, ఒక క్యాసెట్ తెచ్చాడు. ఆ క్యాసెట్‌లో సినిమా లేదు. అక్కడ ఒకే క్యాంపులో ఉండే మన ఊళ్ళ మనుషులు ఒకరి తర్వాత ఒకరు కెమెరా ముందు నిలబడి ఇంటివాళ్ళతో మాట్లాడారు. జీపాయన వాళ్ళ ఊళ్ళకు పోయి, వాళ్ళ అవ్వలకు, పెళ్ళాలకు, పిల్లలకు దాన్ని చూపిస్తున్నాడు. ఏళ్ళ తరబడి ఉత్తరాలు తప్ప మనిషి కనపడని ఇళ్ళు అవి.

ఒక ఊరి చివర మామ ఆ జీపును పట్టుకున్నాడు. మధ్యాహ్నం. టీవీ జీపు వెనక భాగంలో ఉంది. వెలుతురు పడకుండా పైన టార్పాలిన్ దించారు. జనమంతా జీపు వెనక గుమిగూడి చూస్తున్నారు. మామ ముందు నుంచి వచ్చాడు. బానెట్ కొంచెం తెరిచి ఉంది. బ్యాటరీ నుంచి వైరు సీట్ల మీదుగా వెనక్కి పోయి ఉంది. కాసేపు ఆ వైరును చూస్తూ నిలబడి, జీపాయనను పిలిచి లైసెన్స్ అడిగాడు. ఆయన జేబులోంచి తీసి చూపించాడు.

"ఇది ఇంటి లైసెన్స్" అన్నాడు మామ.

"ఇల్లు నాదే సార్, జీపు నాదే, టీవీ నాదే."

"జీపు బ్యాటరీకి తగిలిచ్చినవు. జీపుకు వేరే తీసుకోవాలె."

"జీపు టీవీ చూస్తదా సార్?" అన్నాడు జీపాయన. జనం గొల్లుమన్నారు. మామకు మొహం ఎర్రబడింది. ఆ నవ్వు తనకు మంచి చెయ్యలేదని మామే చెప్పాడు నాతో.

"బంద్ చెయ్యి. లైసెన్స్ తీసుకున్నంక చూపియ్యి."

"సార్, ఇంకొక్క ఊరే మిగిలింది. గా అవ్వ పొద్దటి సంది తొవ్వ చూస్తుంటది. ఒక్కడే కొడుకు గామెకు. జర దయచెయ్యిండ్రి సార్."

"రేపు పోస్టాఫీసుకు రా. లైసెన్స్ తీసుకొని ఎల్లుండి చూపియ్యి. ఎవరొద్దన్నరు?"

మామ లెక్కలో అది రెండు రోజుల ఆలస్యం. అంతకుమించి ఏమీ కాదు. కానీ జీపాయన భయపడ్డాడు. కేసు పెడతారని, మళ్ళీ వీసా రాదని ఎవరో చెప్పారట. సామాను ఇంట్లో దాచేసి, గొడవ సద్దుమణిగాక చూపిద్దాంలే అనుకున్నాడు. ఈలోగా ఇంట్లో పిల్లలు ఆ క్యాసెట్ మీద ఏదో సినిమా ఎక్కించుకున్నారు; పాతదంతా చెరిగిపోయింది. మరికొన్ని నెలలకు ఆ చివరి ఊరి అవ్వ కొడుకు గల్ఫ్‌లో పని జాగాలో పైనుంచి పడి చనిపోయాడు. ఇంటికి పెట్టె వచ్చింది. తెరవొద్దన్నారు. తెరవలేదు.

మామకు ఇదంతా తెలిసింది ధర్మపురి బస్టాండులో, జీపాయన నోటనే. "ఆయన నన్ను ఒక్క మాట అనలే అల్లుడా. 'గట్లయింది సార్' అన్నడు. బస్సెక్కిండు."

అది విని నేను ఊరుకుంటానా? ఎప్పటిలాగే మొదలుపెట్టాను. తప్పు నీది కాదు మామా, రూల్‌ది. కడుపు చేతబట్టుకుని సముద్రం దాటిన మనిషి మొహం కన్నతల్లి చూసుకోవడానికి కూడా అనుమతి అడిగిన రాజ్యానిది. ఊళ్ళో కరెంటు ఇవ్వలేని సర్కారు, జీపు బ్యాటరీకి తగిలించుకుంటే తప్పు పట్టిందంటే సిగ్గుపడాల్సింది ఎవరు? ఊళ్ళో పని చూపించలేక మనుషులను ఎగుమతి చేసి, వాళ్ళు పంపే పైసలకు మాత్రం లెక్కలు కట్టుకునే ఈ వ్యవస్థ... ఇంకా చాలా చెప్పాను. అందులో ఒక్క మాట కూడా ఈనాటికీ వెనక్కి తీసుకోను. ప్రతి అక్షరం నిజం.

మామ అంతా విన్నాడు. "రూల్‌కు కాళ్ళుంటయార? గా ఊరికి ఎట్ల పోయింది? నా కాళ్ళ మీదనే పోయింది. సర్కారును తిట్టు, మంచిగ తిట్టు. కానీ తిట్టుకుంట తిట్టుకుంట నన్ను అండ్లకెళ్ళి బయటకు తియ్యకు" అన్నాడు.

నేను ఆయన్ను బయటికి లాగుతూనే ఉన్నాను, ఏళ్ళ తరబడి. ఆయన నా చెయ్యి విడిపించుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన బరువు దించాలన్న తొందర కన్నా, నా వాదనకు ఒక మచ్చలేని సాక్షి కావాలన్న తొందరే ఎక్కువేమో నాకు. మేడల వాళ్ళతో పన్ను కట్టించిన మామ నాకు కావాలి. అవ్వకు కొడుకును చూపనివ్వని మామ వద్దు. ఇద్దరూ ఒకే మనిషని ఆయనకు తెలుసు.

కిందటేడు ఒకరోజు, "గా అవ్వ ఇంక ఉన్నదట. పోదాం పా. నాకు ఒక్కనికి కాళ్ళు వస్తలెవ్వు" అన్నాడు. చెప్పాల్సింది చెప్పకుండా పోతానేమోనని ఆయన భయం. ఆ ముసలమ్మకు జీపు రాలేదని తెలుసు గానీ, ఎవరు ఆపారో తెలియదు.

వెళ్ళాం. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మామ అరుగు కిందే నిలబడ్డాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "అవ్వా, నీ కొడుకు బొమ్మ చూపెట్టె జీపును ఆపింది నేనే. పోస్టాఫీసోన్ని" అన్నాడు. ఇంకేమీ కలపలేదు. ఆమె చేతులు ఆగిపోయాయి. "అవ్వా, అప్పటి రూల్ అట్లాంటిది. మామ తప్పు కాదు, సర్కారు..." అని అందుకున్నాను.

"నువ్వు జర ఆగు బిడ్డా" అంది ఆమె, నా వైపు చూడకుండానే. తర్వాత మామను అడిగింది. "ఆపినవంటే, గాడ ఉన్నవు గద నువ్వు. బొమ్మ నడుస్తుండె గద. నా కొడుకును చూసినవా? ఎట్లున్నడు? బక్కగయిండా?"

ఇలా అడుగుతుందని మేమిద్దరమూ అనుకోలేదు. తిడుతుందనుకున్నాం, శాపం పెడుతుందనుకున్నాం.

"చూడలేదవ్వా" అన్నాడు మామ. "నేను ముందలికెళ్ళి వచ్చిన. టీవీ ఎనుక ఉన్న. నాకు వైరు కనపడ్డది. చూసెటోల్ల మొఖాలు కనపడ్డయి. బొమ్మ కనపడలే."

ఒక్క అబద్ధం ఆడవచ్చు గదా అనుకున్నాను. బాగున్నాడు, కొత్త అంగీ తొడుక్కున్నాడు అంటే ఏం పోయింది? జీవితమంతా నిజం కోసం కొట్లాడినవాణ్ణి, ఆ క్షణంలో ఒక అబద్ధం కోసం మామ నోటి వైపు చూస్తూ నిలబడ్డాను.

"మాటలు ఇన్న" అన్నాడు మామ. "అందరి మాటలు ఇన్న. ఎవరు ఎవరో ఎరుక లేదు."

"ఏమన్నరు?"

అప్పుడు మామ చెప్పడం మొదలుపెట్టాడు. అన్నేళ్ళుగా ఆ గొంతులన్నింటినీ ఆయన లోపలే దాచుకున్నాడని నాకు ఆ రోజు తెలిసింది. ఒకడు బర్రెను అమ్మొద్దన్నాడు. ఒకడు చిన్నదాన్ని బడి మానిపించొద్దన్నాడు. ఇంకొకడు, గీడ అన్నం మంచిగనే పెడ్తున్నరు, ఫికర్ చెయ్యకుండ్రి అన్నాడు. ఆమె ఒక్కొక్కటీ విని తల అడ్డంగా ఊపుతోంది. వాడు కాదు. వాడూ కాదు.

"ఒకడు మాట్లాడలేదవ్వా" అన్నాడు మామ. "పక్కనోల్లు 'చెప్పురా, చెప్పురా' అంటున్నరు. గొంతు సవరించుకున్నడు. జర నవ్విండు. మల్ల గొంతు సవరించుకున్నడు. గంతే. దానెంబడే నేను బంద్ చెయ్యమన్న."

"వాడే" అంది ఆమె.

చింతపండు చాటను పక్కకు జరిపి, అరుగు మీద మామకు చోటు చూపించింది. ఆయన కూర్చున్నాడు. "ఎట్ల సవరించుకున్నడు?" అని అడిగింది. మామ ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత తల దించుకుని, సిగ్గుపడే పడుచు పిల్లగాడిలా, మెల్లగా గొంతు సవరించుకుని చూపించాడు. ఆమె చెవి దగ్గరికి తెచ్చింది.

"మల్లొకసారి" అంది.