జరమొచ్చిన యేడు

"...దళానికి చీటీలు మోసింది నేనైతే, జరమొచ్చి పండుకున్న నీకు కప్పుతరా వదినె శాలువ?" సుక్కమ్మ చేతిలో శాలువా చూసి ఆడబిడ్డ పుల్లమ్మ నవ్వింది. నిజాం మీద సాయుధ పోరాటంలో పనిచేసినందుకు చివ్వెంలలో ఏటా సెప్టెంబరు సభలో పుల్లమ్మకు సన్మానం జరుగుతుంది. ఆ శాలువాలను మడతపెట్టేది తొంభై రెండేళ్ల సుక్కమ్మే. ఎవరూ లేనప్పుడు ఒకటి భుజాన వేసుకుని, అడుగుల చప్పుడు వినగానే తీసేస్తుంది. పదిహేనో ఏట రజాకార్లు ఆమెను క్యాంపుకు ఎత్తుకుపోయి మూడు రోజులకు వదిలారు. అత్త మాత్రం ఇంట్లోవాళ్లకూ ఊరికీ కోడలు పుట్టింట్లో జరమొచ్చి పడుకుందనే చెప్పింది. పుల్లమ్మ ఇప్పటికీ అదే నమ్ముతోంది. సుక్కమ్మ చేతిలోని శాలువాను మంచం మీద పెట్టి మనవరాలిని పిలిచింది.

"సంతోషీ, సభోళ్లకు ఫోన్ జెయ్యి. క్యాంపుల నన్ను ఖరాబు జేసిన్రని ఈసారి మైకుల నేనే జెప్త."