తొక్కకుండా పోండి

మొన్న మంగళవారం పొద్దున మా మేనత్త కదిర్కామం ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ కబురు విని ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడట. అది సంతాపమో ఊరటో ఇంకా తేలలేదు.

అత్త ఒర్లియంపేటలో మా ఇంట్లోనే ఉంటూ, ఇల్లులేనివాళ్ళ కోసం ఒక చిన్న సంఘం నడిపేది. తెల్లవారగానే కాఫీ కూజాతో బజారు ఫుట్‌పాత్ మీదికి పోయి, పడుకున్నవాళ్ళను పేరుపేరునా లేపేది. కానీ కాఫీ పోయడం తన పని కాదనేది. "కాఫీ ఎవురైనా పోస్తారు, అల్లుడా. ఫైల్లో లేనోడు కండ్లముందర ఉన్నా లేనట్టే." వాళ్ళను ఫైల్లోకి ఎక్కించడమే ఆమె పని. అందుకోసం అధికారులను ఏనాడూ తిట్టలేదు. పొట్టి మనిషి, కాళ్ళు నేలకు అందకపోయినా ఎదురుగా కూర్చునేది, అంతే. తాను లేచేదాకా వాళ్ళనూ లేవనిచ్చేది కాదు.

కొన్నేళ్ళ కిందట ఆ ఫుట్‌పాత్ ఖాళీ చేయించమని బజారు వర్తకులు అర్జీ పెట్టారు. మొదటి సంతకం అదే బజారులో అంగడి ఉన్న మా నాన్నది. అదే ఇంట్లో, అదే సాంబారు తింటూ, ఆయన చెల్లెలు ఎదురు అర్జీ రాసింది: వేరే చోటు చూపకుండా ఎవర్నీ లేపకూడదు, ఊరికే పడి ఉన్న మార్కెట్ షెడ్డు వాళ్ళకివ్వాలి. తనిఖీకి ఒక అధికారి వస్తాడన్నారు. మనుషులున్నారని ఆయన రాస్తే షెడ్డు. లేరని రాస్తే మర్నాడే లారీ.

అప్పటికి నేను సమాజసేవలో పట్టా పుచ్చుకుని మూడు వారాలైన మేధావిని. అధికారికి మంచి అభిప్రాయం కలగాలని, అత్తకు చెప్పకుండా, తనిఖీ రోజు పొద్దున్నే ఫుట్‌పాత్ కడిగించాను. మూటలన్నీ మా అంగడి అటక ఎక్కించాను. అందరికీ తలలు దువ్వించాను. దువ్వుకున్నవాళ్ళు ఎప్పటిలాగే తేంగాయితిట్టు రేవుకు, చేపలు ఏరే పనికీ, బుట్టలు మోసే పనికీ పోయారు. మిగిలింది మునెమ్మవ్వ ఒక్కతే. ఆమెకు మా అమ్మ పట్టుచీర కట్టబెట్టాను.

పది గంటలకు అధికారి జీపు దిగి, తళతళలాడే ఫుట్‌పాత్‌ను ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు.

"ఇక్కడ ఎవరూ లేరే," అని పెన్ను మూత తీశాడు.

"ఈ అవ్వ ఉంది సార్," అన్నాను.

"ఆమె పెళ్ళికి పోతున్నట్టుందే."

పొద్దున్నే ఆఫీసుకు పోయి, ఆయనతోబాటే జీపు దిగిన అత్త నా వైపు తిరిగింది. "మూటలు యాడ పెట్టినావురా?"

"అటక మీద."

"నీ సదువు కూడా ఆడే పెట్టు."

అని, మా అంగడి గడప పక్కనుండే ముగ్గుపిండి డబ్బా తెచ్చి, ఫుట్‌పాత్ మీద మోకాళ్ళూని ఒక గడి గీసింది. మనిషంత పొడుగు. "ఇది సెల్వం చోటు సార్. కాలు బాగలేదు, గోడ పక్కన పడుకుంటాడు." ఇంకో గడి. "ఇది తల్లీబిడ్డలది." అంగడి లోపల మా నాన్న త్రాసు పట్టుకుని నిలబడిపోయాడు. అధికారి గడియారం చూసుకున్నాడు. అత్త గీస్తూనే ఉంది. చివరి గడి జీపుకూ ఆయనకూ మధ్యన పడింది.

"అమ్మా, నేను ఇంకో చోటికి పోవాల."

"పోండి సార్. తొక్కకుండా పోండి."

మా ఊళ్ళో ముగ్గు తొక్కేవాడు ఇంకా పుట్టలేదు. ఆయన ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి దించాడు. ఈలోగా మునెమ్మవ్వ పట్టుచీరతోనే పోయి తన గడిలో పడుకుంది.

"పొట్టిగా గీసినావు అమ్మణ్ణీ. నా కాళ్ళు బయటికొస్తాండాయి."

ఆయన నవ్వలేదు. చాలాసేపు ఆ కాళ్ళనే చూశాడు. తరువాత ఒక్కొక్క గడీ వేలితో లెక్కపెట్టి, పద్నాలుగు అని రాసుకున్నాడు. ఆ సాయంత్రం మూటలన్నీ అటక మీంచి దింపింది మా నాన్న.

లారీ రాలేదు. షెడ్డు రావడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది. ఎవర్నీ లేపకూడదన్న ఉత్తర్వు ఇంకా ఏదో బల్ల మీదే ఉంది. ఆసుపత్రిలో కూడా అత్త దాని గురించే అడిగింది.

చావింటి ముందు ముగ్గు వెయ్యరు. మా గడప నాలుగు రోజులుగా బోసిగా ఉంది. నిన్న పొద్దున షెడ్డు దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో, సరిగ్గా దారి మధ్యలో, తెల్లటి పిండితో ఒక గడి గీసి ఉంది.

"ఎవరిది అవ్వా?" అన్నాను.

"అడగతాండావు సూడు," అంది మునెమ్మవ్వ. "పొట్టి మనిషి గదా. పొట్టిగానే గీసినా."

లోపలికి పోయేవాళ్ళంతా దాన్ని చుట్టి పోతున్నారు. నేనూ చెప్పులు చేత పట్టుకుని, చుట్టి పోయాను.