ఉన్న విగ్రహాన్ని లేదని చెప్పమన్న మా మామ

మా మామ పోయి ఇరవై రెండు రోజులైంది. నంద్యాల ఆసుపత్రిలో పోయాడు. నలభై ఏళ్ళుగా మింగిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. మామ అంటే నా భర్త తండ్రి. ఆళ్ళగడ్డలో దేవుళ్ళ విగ్రహాలు చెక్కే షెడ్డు ఆయనది.

నా చేతిరాత బాగుండదని ముందే చెబుతున్నాను. ఏడో తరగతితో బడి మానేశాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోతాయి. చదివేవాళ్ళు మన్నించాలి.

ఇది మా షెడ్డు వెబ్‌సైటు కోసం రాస్తున్నాను. ఇప్పుడున్నది పదేళ్ళ కిందటిది. మా ఆయన కాలేజీలో ఉన్నప్పుడు ఒక ఇంటర్నెట్ సెంటరులో చేయించాడు. పైన స్వాగతం అనే మాట వెలుగుతూ ఆరుతూ పరుగెత్తుతుంది. ఫోనులో తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి. కొన్నిచోట్ల అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి. నంద్యాలలో వెబ్‌సైట్లు చేసే ఒకాయన మూడు దారులు చెప్పాడట. ఉన్నదాన్నే ఫోనులో సరిగ్గా కనపడేలా బాగుచేయడం ఒకటి. పాతది తీసేసి, ప్రతి బొమ్మ కింద కొనడానికి మీట పెట్టి కొత్తది చేయడం ఒకటి. వెబ్‌సైటే వదిలేసి ఫోనులో షెడ్డు పేరుతో పేజీ పెట్టుకోవడం మూడోది. మా ఆయనకు రెండోది నచ్చింది. ఏది చేసినా మామ గురించి ఒక పేజీ ఉండాలని ఆ వెబ్‌సైటాయన అన్నాడట. "ఇంట్లో ఉండేది నువ్వే గదా మే, నీకు తెల్సింది రాసియ్యి" అని మా ఆయన నాకు ఈ కాగితాలు ఇచ్చాడు.

మంచి మాటలే రాయాలని కూర్చున్నాను. కానీ మామను నేను చాలా రోజులు నమ్మలేదు. అది దాచిపెడితే మిగతాది రాసి లాభం లేదు.

మామ కూడా ఎవరినీ తొందరగా నమ్మేవాడు కాదు. విగ్రహం కావాలని వచ్చినవాళ్ళకు చాయ్ ఇప్పించి, వాళ్ళు తాగేలోపు ఊరు, గుడి, పూజారి, నైవేద్యం పెట్టేదెవరు అని అన్నీ అడిగేవాడు. చెప్పింది నచ్చకపోతే పని ఎక్కువుందని పంపించేవాడు. రెండేళ్ళ కిందట ఈ వెబ్‌సైటాయనే ఒకసారి కెమెరా తీసుకుని షెడ్డుకు వచ్చాడు. బొమ్మలు తీసి యాడ పెడతావప్పా అని మామ అడిగాడు. సర్వరులో పెడతానన్నాడు ఆయన. ఆ సర్వరు ఎవరింట్లో ఉంది అని మామ అడిగితే, ఎవరింట్లోనూ కాదు, చానా దూరంలో ఉందని చెప్పాడు. "మన మొగం తెలీనోళ్ళ కాడ మన దేవుళ్ళు ఎందుకుండాలప్పా?" అని మామ కెమెరా సంచిలో పెట్టించి చాయ్ తాగించి పంపాడు. మా ఆయన ఆ పూట అన్నం తినలేదు.

నా అనుమానం వేరు. పాత వెబ్‌సైటులో ఏడు విగ్రహాల ఫొటోలున్నాయి. ఆ ఏడూ షెడ్డు వెనక గోడవారనే ఉన్నాయి. అందులో ఒక అమ్మవారి ముఖం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఆ అమ్మవారి మీద మామ ఎప్పుడూ పాత పంచె కప్పి ఉంచేవాడు. గుళ్ళకు పోయే విగ్రహాలను మాత్రం ఎవరినీ ఫొటో తీయనిచ్చేవాడు కాదు. కళ్ళు చెక్కగానే గుడ్డ చుట్టి బండెక్కించేవాడు. ఎందుకని అడిగితే, "గుడికి పోయేది మనది గాదు మ్మా. ఈడ మిగిలిందే మనది" అనేవాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. అమ్మవారిని ఎవరి కోసమో దాచిపెట్టాడనుకున్నాను. కొడుకు పైకి రావడం ఇష్టం లేదేమో అని కూడా అనుకున్నాను.

వెబ్‌సైటులో ఉన్న ఫోను నంబరు ఇంటిది. కోత మిషను మోతలో వినపడదని ఆ ఫోను నా దగ్గర ఉంచారు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నోరు ఎండిపోతుంది. మామకు చెప్తా అని మాత్రం అని పెట్టేసేదాన్ని. ఒకరోజు చాగలమర్రి దగ్గరి పల్లె నుంచి గుడి కమిటీ పెద్దాయన చేశాడు. కంప్యూటరులో అమ్మవారిని చూశామని, ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకున్నామని, ఆ విగ్రహం ఇస్తారేమో కనుక్కోమని అడిగాడు. నేను పోయి మామతో చెప్పాను.

"లేదని చెప్పు."

"ఆడే ఉంది గదా మామా."

"ఉంది. లేదని చెప్పు."

ఎందుకో చెప్పకుండా మళ్ళీ ఉలి పట్టుకున్నాడు. ఆ నెల షెడ్డుకు ఆర్డరు లేదు. బేతంచెర్లలో రాయి పాలిష్ పట్టే పనికి పోతానని మా ఆయన రోజూ అంటున్నాడు. నాకు భయం వేసింది. కమిటీ పెద్దాయన మళ్ళీ ఫోను చేసినప్పుడు, మామకు చెప్పకుండా, "ఉంది, రండి" అనేశాను. జన్మలో నేను సొంతంగా తీసుకున్న మొదటి నిర్ణయం అది.

నలుగురు జీపులో వచ్చారు. పసుపు, కుంకుమ, టెంకాయలు, అమ్మవారికి కట్టడానికి కొత్త చీర తెచ్చారు. మామ ఉలి పక్కన పెట్టి, మిమ్మల్ని ఎవరు రమ్మన్నారని అడిగాడు.

"మీ ఇంట్లో ఆడమనిషే ఫోన్లో చెప్పిందప్పా, ఉంది రమ్మని" అన్నాడు పెద్దాయన.

నేను తలుపు వెనక ఉన్నాను. మా ఆయన అక్కడే మామ పక్కన నిలబడి ఉన్నాడు. మామ ఒక్కసారి తలుపు వైపు చూశాడు.

"నేను చెప్పమంటే చెప్పింది. తప్పు నాదే. ఆ యమ్మ పూజకు పనికిరాదు. రాయి మోగడంల్యా. కొత్తది చెక్కిస్తా, మూన్నెల్లు పడతాది."

ముహూర్తానికి నెల కూడా లేదు. పెద్దాయన పంచె తీసి విగ్రహం చుట్టూ తిరిగాడు. ఎక్కడా గీత కూడా కనపడలేదు. "బాగలేనిదాన్ని లోకమంతా చూసేట్టు ఎందుకు పెట్టినావు? పిల్చి లేదంటాండావే, ఇంగెవురికన్నా మాటిచ్చినావా?" అన్నాడు. మామ తల వంచుకున్నాడు. ఆ వయసు మనిషి తల వంచుకోవడం నేను చూశాను. మా ఆయన సుత్తితో తట్టి చూసి, బాగానే మోగుతాంది గదా నాయనా అన్నాడు. వాళ్ళు చీర మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మా ఆయన బండి తీసుకుని ఎటో పోయాడు.

అప్పుడు మామ నన్ను షెడ్డులోకి పిలిచాడు. తిడతాడనుకున్నాను. విగ్రహం మీద చెయ్యి పెట్టమని, చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. పాదాల దగ్గర, నడుము దగ్గర గంటలా ఖంగుమంది. ఎడమ భుజం దగ్గర పగిలిన కుండను తట్టినట్టు వచ్చింది. లోపల జీర, అంటే పైకి కనపడని సన్నటి పగులు, ఉందని, సగం చెక్కాక తెలిసిందని, ముఖం బాగా కుదిరింది కాబట్టి పగలగొట్టడానికి చెయ్యి రాలేదని చెప్పాడు. గోడవార ఉన్న ఏడూ అలాంటివేనట. గుడికి పోలేనివే ఫొటోకు ఇచ్చాడు.

"తేడా తెల్సిందా?"

"తెల్సింది మామా."

"వానికి తెలీలా. మిషను మోతకు వాని చెవి పోతాంది మ్మా. అందుకే వాళ్ళ ముందర తట్టి చూపలా. వానితో అనొద్దు, ఉలి ఇడ్సిపెడతాడు. ఇంగ నువ్వు ఇను."

ఫోను సంగతి ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

అప్పటి నుంచి కొత్త రాయి దిగినప్పుడల్లా, మా ఆయన లేని వేళ చూసి మామ నన్ను పిలిచేవాడు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని పోయేదాన్ని. ఆయన తట్టేవాడు, నేను చెప్పేదాన్ని. రెండేళ్ళలో నాలుగు రాళ్ళు వెనక్కి పంపించాం. నా మాట మీద ఒక పని జరగడం నాకు అప్పుడే తెలిసింది. నేను తప్పుగా విన్నరోజు మామ ఒక్క మాట కూడా అనేవాడు కాదు, సరిగ్గా విన్నరోజు మాత్రం "ఆఁ, అదీ" అనేవాడు. మేమిద్దరం ఏదో దాస్తున్నామని మా ఆయనకు అనుమానం వచ్చింది. ఏందీ గుసగుసలు అని రెండు మూడు సార్లు అడిగాడు. నేను చెప్పలేదు.

మాట ఇంకా వస్తున్నప్పుడు ఆసుపత్రిలో మామ నాతో అన్నది ఇంతే. "ఆ యమ్మను ఎవురికీ ఇయ్యాకండి."

పెద్దకర్మ నాడు బంధువులందరి ముందు మా ఆయన, "పిల్చి తరిమే రకం మా నాయన" అన్నాడు. అందరూ నవ్వారు. నేను వడ్డిస్తున్నాను, నోరు తెరవలేదు. ఇప్పుడు కొత్త వెబ్‌సైటులో మొదటి ఫొటో ఆ అమ్మవారిదే పెడతారట, కింద కొనే మీటతో.

ఈ కాగితాలు నంద్యాల చేరేలోపు మా ఆయన చదువుతాడు. ఆయనకే చెబుతున్నాను. వాళ్ళను పిలిచింది మీ నాయన కాదు, నేను. ఆ ఏడు బొమ్మల కింద మీట పెట్టించవద్దు. ఇవి నమూనాలు, పూజకు ఇవ్వబడవు అని పెట్టించండి. మీ చెవి సంగతి నంద్యాలలోనే ఎవరైనా డాక్టరుకు చూపించుకోండి. ఉలి మాత్రం వదలొద్దు, రాయిని నేను వింటాను. ఇదంతా నలుగురూ చదవడం మీకు ఇష్టం లేకపోతే, సగం తీసి సగం పెట్టించకుండా ఈ కాగితాలను పొయ్యిలో వేసి కాల్చేయండి. చదివాకే కాల్చండి.

బయట బండి స్టార్టు చేసి అయిందా అని అడుగుతున్నాడు. అయింది, తెస్తున్నా అని ఇక్కడి నుంచే అన్నాను. ఇంకొంచెం గట్టిగా కూడా అన్నాను. ఆయన ఇంటి వైపే చూస్తూ ఇంకా పిలుస్తున్నాడు.