నాకు జరిగిన సమాజసేవ

ఆ ఘోరం మార్చి మొదటి శనివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు మొదలైంది. నలభై ఏళ్లు షిప్పింగ్ ఆఫీసులో లెక్కలు రాసినదాన్ని. నిమిషం తేడా వస్తే నాకు ఆ పూట అన్నం సయించదు. అలాంటిదాన్ని ఏకంగా పందొమ్మిది గంటలు తప్పు లెక్క రాసి, ఓ పిల్ల చదువు మీదికి తెచ్చాను. ఐదేళ్ల క్రితం మాట. అప్పుడు నాకు అరవై ఎనిమిదే. చిన్నతనం, ఏం తెలుస్తుంది చెప్పండి?

ఈ పరాయి దేశంలో మేముండే బెడోక్ పేటలో, మా పై అంతస్తులో ఉండే లక్ష్మి కూతురు కీర్తన ఆ ఉదయం ఏడుపు ముఖంతో నా ఫ్లాట్‌కి వచ్చింది. దానికి నర్సింగ్ డిగ్రీలో సీటొచ్చింది. ఇక్కడి భారతీయ పిల్లల కోసం ఒక సంఘం ఇచ్చే గ్రాంటుకీ ఎంపికైంది. కానీ ఊరికే ఇవ్వరు. జూన్ ఆఖరుకల్లా ఒంటరిగా ఉండే వృద్ధులకు ఇరవై గంటలు సేవ చేయాలి.

"అయితే చెయ్యవే. ఈ ఊళ్లో ముసలివాళ్లకేం కరువు?" అన్నాను.

"కరువే అమ్మమ్మా! ఆల్రెడీ అందరూ టేకెన్ లా! కింద సీనియర్స్ సెంటర్‌లో ఒక్కో తాతకి నలుగురు వాలంటీర్స్."

నిజమే. తిండికొట్లుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పడేసి, ఈ బల్ల నాదని చోప్ చేసుకున్నట్టు, కాలేజీ పిల్లలు ముసలివాళ్లను ముందే చోప్ చేసేసుకున్నారు. పాపం ఒక చైనీస్ తాతకి ఒకే రోజు ముగ్గురు పిల్లలు గోళ్లు కత్తిరించారట. నాలుగో పిల్ల కత్తెర తీసేసరికి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని లిఫ్ట్ వైపు పరిగెత్తాడట.

"నేనున్నాను కదే! మీ తాతగారు పోయాక ఒంటరిగానే ఉంటున్నాను."

అది నన్ను కిందికీ పైకీ చూసి, "మీరు ఓల్డ్ ఆ?" అంది. ఆ ఒక్క మాటకి దాని కోసం ప్రాణమిచ్చేద్దామనిపించింది.

పై శనివారం నుంచి సేవ. ఇల్లు శుభ్రం చేయడానికి పిల్ల వస్తుంది కదా అని శుక్రవారమే ఇల్లంతా కడిగి పెట్టాను. మురికి ఇల్లు చూపిస్తే పరువేముంటుంది? కీర్తన చేతులకు గ్లవ్స్, భుజాన మాప్‌తో, యుద్ధానికి వెళ్తున్నట్టు వచ్చింది.

"ఎక్కడ స్టార్ట్ చెయ్యాలి అమ్మమ్మా?"

"ముందు కూర్చో. కాఫీ తాగుతావా, పాలా?"

"నేను పని చెయ్యాలి."

"చేద్దువు గానిలే. ఇంటికొచ్చిన పిల్ల చేత ఖాళీ కడుపుతో నేల తుడిపిస్తారుటే ఎవరైనా?"

నిండు కడుపుతో కూడా తుడిపించలేదు. పెసరట్టు తిన్న పిల్ల వంగితే అరగదని నేనే తుడిచాను. ఆ మరుసటి వారం దాని జుట్టు పీచులా ఉందని నూనె రాసి జడ వేశాను. ఆపై వారం దానికి పరీక్షలని చెప్పి, గిన్నెలు చప్పుడు కాకుండా కడుక్కున్నాను. అయితే సంఘం ఇచ్చిన గంటల కాగితం మీద సంతకం దగ్గర మాత్రం మహా నిక్కచ్చి. అది గుమ్మంలో అడుగుపెట్టిన నిమిషం, బయటపడిన నిమిషం చూసి మరీ గంటలు రాసేదాన్ని. గడియారాన్ని చూశాను గానీ, ఆ గంటల్లో పని చేస్తున్నదెవరో చూడలేదు. ఇంత తెలివిగలదాన్ని ఆఫీసులో నలభై ఏళ్లెలా ఉంచుకున్నారో, ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది.

పదో శనివారం, ఇంకో గంటలో ఇరవై గంటలూ పూర్తవుతాయనగా, సంఘం తరఫున శాంతి తనిఖీకి వచ్చింది. వాళ్లది తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం. ఆమె తెలుగులో సగం తమిళమే. తలుపు తీసే ఉంది. ఆమెకు కనబడిన దృశ్యం ఇది: నేను స్టూలెక్కి, కొంగు బిగించి, సీలింగ్ ఫ్యాన్ తుడుస్తున్నాను. కీర్తన సోఫాలో కాళ్లు మడుచుకుని, "కేర్‌ఫుల్ అమ్మమ్మా" అంటూ మూడో పెసరట్టు తింటోంది.

"అయ్యయ్యో! ఇందులో వాలంటీర్ యారు?" అంది శాంతి.

దిగొచ్చి ఊరుకుంటే పోయేది. నేను స్టూలు మీంచే వాదనకు దిగాను.

"పిల్ల స్టూలు పట్టుకుంటుందమ్మా."

"పట్టుకోలేదే?"

"చేతిలో ప్లేటుంది కదా మరి!"

"నీళ్లు మార్చేదెవరు?"

"నేనే. బకెట్ బరువు, పిల్ల నడుం పట్టేస్తుంది."

"ఆంటీ, మీకు ఏజ్ ఎంత?"

"అరవై ఎనిమిదే!" అన్నాను గర్వంగా.

శాంతి అప్పటిదాకా రాసిన పందొమ్మిది గంటలూ కొట్టేసింది.

ఆ సాయంత్రం లక్ష్మి వచ్చింది. తిట్టినా బాగుండేది. "మీరు ప్రేమతోనే చేశారాంటీ," అంది మెల్లగా. "కానీ గ్రాంటు రాకపోతే ఈయన మళ్లీ షిప్‌యార్డులో నైట్ షిఫ్టు ఎక్కాలి. ఆ నడుంతో వద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు." పిల్ల నడుం కాపాడబోయి తండ్రి నడుం విరగ్గొడుతున్నాను.

మర్నాడే శాంతిని బతిమాలాను. ఆమె జాలిపడి ఒక షరతు పెట్టింది: ఇరవై గంటలూ మొదటి నుంచి చేయాలి, ఆంటీ సోఫాలోంచి లేవకూడదు, తను ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి చూస్తుంది. "లేస్తే అవర్స్ కట్, సరియా?"

ఇక శని, ఆదివారాలు నా శిక్ష మొదలైంది. కీర్తన మాప్ పిండకుండానే తుడిచింది; హాల్లో వరదొచ్చింది. గాజు గ్లాసుల మీద ప్రెషర్ కుక్కర్ బోర్లించింది. మా అత్తగారిచ్చిన ఇత్తడి దీపాన్ని బాత్రూమ్ కడిగే మందులో నానబెట్టింది.

"అయ్యో, అది..." అని లేవబోయాను.

"సిట్, అమ్మమ్మా! మీరు వల్నరబుల్ సీనియర్!"

చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నా మోకాళ్లు అరిగింది పని చేసి కాదు, ఆ కూర్చోవడం వల్లేనని నా నమ్మకం.

గంటలు పూర్తయ్యాక, జూన్ ఆఖరి వారం జరిగిన చివరి ఇంటర్వ్యూలో సంఘం కమిటీ వాళ్లు అడిగారట, నీ సేవలో అన్నిటికన్నా కష్టమైనదేమిటని. "ఒక ఓల్డ్ లేడీని కూర్చోబెట్టడం," అందట కీర్తన. అందరి ఇళ్లలోనూ ఒక అమ్మమ్మ ఉంటుంది కాబోలు, పెద్దగా నవ్వి గ్రాంటు రాసిచ్చారు. లక్ష్మి మొగుడు రాత్రిళ్లు ఇంట్లోనే పడుకుంటున్నాడు.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరి చదువు కోసమైనా వంట చేస్తాను, గిన్నెలు తోముతాను, ఫ్యాన్లు తుడుస్తాను గానీ, ఇక ఈ జన్మలో సేవ మాత్రం చేయించుకోను.

పోయినవి: గాజు గ్లాసులు నాలుగు. ఇత్తడి దీపం ఒకటి. మాప్ కర్ర ఒకటి. నాకు లెక్కలు వచ్చునన్న పేరు.