ఆటోమేటిక్ వచ్చిన ఎండాకాలం

నాగోల్‌లో మా అపార్ట్‌మెంట్ మోటర్ గది పక్కగా నడిస్తే గ్రీజు, వేడెక్కిన వైర్ల వాసన తగిలి ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది. నా కూతురికి వాషింగ్ మిషను ఆటోమేటిక్, కారు ఆటోమేటిక్, చివరికి పొద్దున మెలకువ రావడం కూడా ఆటోమేటిక్కే. మా చిన్నప్పుడు ఎల్బీనగర్ ఇంట్లో నాయనమ్మ ముందు ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది!

పల్లెటూరి తీరు పాత ఇల్లు మాది. పెరట్లో బావి, దానికి మోటరు. నేను పుట్టకముందు తాత పైపు బాగుచేయడానికి అందులో దిగి ఉండగా ఎవరో చూసుకోకుండా స్విచ్చి వేశారట; కరెంటు కొట్టి పోయాడు. అప్పటినుంచి స్విచ్చి నాయనమ్మదే. ఎండాకాలం సెలవుల్లో, వంటింట్లోంచి సర్వపిండి కాలుతున్న కమ్మటి వాసన వస్తుంటే, మేం గోలీలాట ఆపి చూస్తుండగా, ఆమె కొంగు బిగించి, గట్టు మీద వంగి, "బాయిల ఎవలన్న ఉన్నరా? మోటరేస్తున్నా!" అని కేకేసి, చెవి పెట్టి చాలాసేపు నిలబడేది. చప్పుడు లేకపోతే వేసేది. కొన్ని రోజులు మాత్రం మొహం వెలిగిపోతూ వెనక్కి వచ్చేసేది.

"ఇయ్యాల ఒద్దు. మీ తాత పలికిండు."

ఒకసారి నాకూ లోపల్నుంచి "ఊఁ" అన్నట్టు వినిపించి, గోలీలు అక్కడే పారేసి ఉరికాను. నిజంగా విన్నానా? ఏమో.

తాత పలికిన రోజు స్నానాలు బంద్. మాకు పండగే గానీ, మా ఇంట్లో కిరాయికున్న గుంటూరు ఆంటీకి ఒళ్ళు మండేది. "ఏంటండీ ఈ చోద్యం? పోయినాయన పలికితే మేం నీళ్ళు లేకుండా చావాలా?" అని ఒకరోజు మా బాపు మీద విరుచుకుపడింది. బాపు తల కొట్టేసినట్టయి, ట్యాంకు ఖాళీ కాగానే మోటరు తనంత తానే నడిచేలా కొత్త స్టార్టరు పెట్టించాడు.

మర్నాడు మధ్యాహ్నం నాయనమ్మ కేకేసి, ఆ వెలిగే మొహంతో ఇటు తిరిగిందో లేదో, వెనక మోటరు గుర్రుమంది. స్విచ్చి దగ్గర పిట్ట కూడా లేదు.

"బంద్ చెయ్యుండ్రి! లోపట మనిషున్నడు!" గుండెలు బాదుకుంది.

"ఎవలు లేరే అమ్మా, ఎవలు ఎయ్యలే. అది ఆటోమేటిక్," అన్నాడు బాపు.

ఆమె గట్టు పట్టుకుని వంగి పిలిచింది. మళ్ళీ మళ్ళీ పిలిచింది. మోటరు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అప్పుడంటే ఎవలో తెల్వక ఏసిండ్రు," అంది బాపు దిక్కు తిరిగి. "ఇప్పుడు ఇంట్లోల్లే సంపిండ్రు గదరా."

బాపు మొహం అంత పాలిపోవడం నేను మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత నాయనమ్మ ఎన్నడూ కేకేయలేదు, ఆ నల్లా నీళ్ళు నోట పోసుకోలేదు. అడగకుండా చేసేదాన్నే ఆటోమేటిక్ అంటారని మేం పిల్లలం నేర్చుకున్నాం.

నాయనమ్మ పోయింది, బాపూ పోయాడు, ఆ జాగాలో ఇప్పుడు కోచింగ్ పిల్లల హాస్టల్ ఉంది. లారీలు మట్టి తెచ్చి బావి పూడ్చిన రోజు మేమందరం అక్కడే నిలబడి ఉన్నాం. లోపల ఎవరైనా ఉన్నారా అని ఒక్కరం కూడా అడగలేదు.